వయోజనుల ఆంగ్ల విద్య – తెరమీది పాఠ్యపుస్తకము



వయసు మీరినవానికి పరభాష పట్టువడదని లోకమున ఒక మాట గలదు. ఆ మాటను కడప జిల్లా రెండు వందల యేండ్ల క్రిందటనే అబద్ధము చేసినది. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820లో కడపకు ఉద్యోగియై వచ్చునప్పటికి ఆయనకు ఇరువదిరెండవ యేడు. తెలుగును ఉగ్గుపాలతో నేర్చినవాడు కాడు. పండితులను చేరబిలిచి, తాళపత్రముల ముందు కూర్చుండి నేర్చెను. 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చువేయించెను. 1852లో ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. నేడు దానిని షికాగో విశ్వవిద్యాలయమువారు అంతర్జాలమున ఉచితముగ నుంచినారు. తెలుగు నేర్చిన దొర కూర్చిన గ్రంథము, ఇంగ్లీషు నేర్వగోరు రైతు చేతిఫోనులోనికి వచ్చినది.

అయితే ఏ ఇంగ్లీషు? ప్రొద్దుటూరు బంగారపు టంగడి గుమాస్తాకు బిల్లు, హాల్‌మార్కు, పన్ను తెలియవలెను. జమ్మలమడుగున ఆటో నడుపువానికి, గండికోట చూడవచ్చిన పరదేశికి దారి చెప్పు నోటిమాట చాలును. పులివెందుల చీనీతోట రైతుకు మందుసీసా మీది అక్షరము కావలెను. ఎర్ర త్రికోణమున్నచో మహావిషమని రంగే చెప్పును. మందులోని సరుకు పేరు, గడువు తేదీ మాత్రము ఇంగ్లీషున నుండుట పరిపాటి. అచ్చట తప్పు చదివినచో పోవునవి మార్కులు గావు. పంట పోవును, ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును.

ఇక పుస్తకముల మాట. రాష్ట్ర ప్రభుత్వము 2020–21 విద్యా సంవత్సరమున ద్విభాషా పాఠ్యపుస్తకములను తెచ్చినది. ఒక పుట ఇంగ్లీషు, ఎదుటి పుట తెలుగు. కేంద్రము 2017లో ప్రారంభించిన దీక్ష వేదిక వలన, పుస్తకముపైని క్యూఆర్ కోడును ఫోనుకు చూపినచో పాఠము తెరపైకి వచ్చును. పదునైదేండ్లు దాటిన నిరక్షరుల కొరకు 2022లో ఆరంభమైన నవభారత సాక్షరతా కార్యక్రమము మెచ్చదగినదే. దాని తొలి గురి అక్షరము, అంకె. తెలుగు చదువనేర్చి ఇంగ్లీషు కోరువాడు పిల్లల పుస్తకమునే పట్టవచ్చును. ఎదుటి పుట వానికి తోడుండును. కాని ఏ పుట తీయవలెనో గురువు ఎంచవలెను. నలువదేండ్ల వానిచేత పిల్లిపిల్ల పాట పాడించినచో మరునాడు వాడు గడప తొక్కడు.

తెరమీది పుస్తకమునకు అచ్చుపుస్తకమునకు లేని గుణమొకటి గలదు. అది పలుకును. ఒకే మాటను నూరుమార్లు పలికించినను విసుగుకొనదు, నవ్వదు. పెద్దవయసున చదువునకు శత్రువు మందబుద్ధి కాదు, సిగ్గు. ఆ సిగ్గు ఫోను ముందర తగ్గును. భారతమున ఏకలవ్యుడు మట్టిబొమ్మ యెదుట విద్య సాధించిన రీతి ఇదియే యనవచ్చును. మట్టిబొమ్మ వాని తప్పు దిద్దలేదు, వాడే దిద్దుకొనెను. అందరును ఏకలవ్యులు కారు గనుక, పలుకు దిద్దుటకు మనిషి యొకడు ప్రక్కన నుండవలసినదే.

చిక్కులును గలవు. తెర చిన్నది, కన్ను ముదిరినది. పల్లెలలో సిగ్నలు ఒకపూట ఉండి ఒకపూట ఉండదు. గ్రంథాలయమున ముందుగనే పాఠమును దింపి యుంచినచో ఈ చిక్కు తీరును. అన్నిటికంటె పెద్ద చిక్కు వేరొకటి. (ఫోను లేని యింట వదినెగారి చదువు ఆగును. ఫోనున్న యింటను ఆగుచున్నది. అది అన్నగారి జేబులో నుండును గదా!) స్త్రీల తరగతికి గ్రంథాలయమే ఒకటి రెండు పలకఫోనులు సమకూర్చి, అచ్చటనే చదువుకొననిచ్చుట మేలు.

రాత్రితరగతి పెట్టదలచిన గ్రంథాలయములు తొలినాడు పుస్తకము తెరువక, ఒక్కొక్కరిని తమకు అర్థముగాని ఇంగ్లీషు కాగితమునకు ఫోనులో పటము తీసికొని రమ్మనవలెను. గుమాస్తా తన బిల్లును, ఆటోవాడు దారిపలకను, రైతు మందుసీసాను తెత్తురు. సీసాను తేవలదు, పటము చాలును. ఆ పటములనే పెద్దతెరపై నుంచి, మాటమాటకు ప్రక్కన తెలుగు వ్రాయించి, పిదప ద్విభాషా పుస్తకమున అవే మాటలున్న పుటను వెదకించవలెను.