గనికి కాపలా ఎవరు?



ఆవిర్భావ దినోత్సవ సభలో రాగి గని గురించి మాట్లాడతానంటే మన మిత్రులు కొందరు నవ్వారు. కానీ ఉద్యమం రోజుల్లో మనల్ని బెదిరించిన మాట ఒకసారి యాది చేసుకోండి. రాష్ట్రం అడిగితే గొడవలైతయి, గొడవలైతే పెట్టుబడులు పారిపోతయి అన్నారు. పెట్టుబడి నిజంగా దేనికి భయపడుతుందో ఒక దీవి కథతో చెప్తాను.

మనం బతుకుతున్న ఈ ఆస్ట్రేలియాకు ఉత్తరాన పాపువా న్యూ గినియా ఉన్నది. ఆ దేశంలో ఒక దీవి బూగన్‌విల్. అక్కడి పంగునా గనిలో 1972లో రాగి తీయడం మొదలైంది. తవ్వింది ఒక ఆస్ట్రేలియా కంపెనీ. ఆ కంపెనీయే తర్వాత రియో టింటోలో కలిసింది. 17 ఏళ్లలో 30 లక్షల టన్నుల రాగి, 300 టన్నులకు పైగా బంగారం తీశారు. ఆ కాలంలో దేశం ఎగుమతుల్లో 44 శాతం ఆ ఒక్క గని నుంచే వచ్చింది.

మరి దీవికి ఏం మిగిలింది? రాయల్టీ 1.25 శాతం. అందులో భూమి పోగొట్టుకున్నవాళ్లకు వచ్చింది ఇరవయ్యో వంతు. మిగతాది ప్రాంతీయ ప్రభుత్వానికి. వంద కోట్ల టన్నులకు పైగా గని వ్యర్థం నదుల్లోకి పోయింది. బూగన్‌విల్‌లో ఎక్కువ చోట్ల భూమి హక్కు తల్లి నుంచి బిడ్డకు వస్తది. నది పాడైతే, చేను పోతే ఆ తల్లి బిడ్డకు ఇచ్చేది ఏముంటది?

1988లో ఫ్రాన్సిస్ ఓనా అనే భూయజమాని తిరగబడ్డాడు. ఆయన బయటి నుంచి వచ్చినవాడు కాదు, అదే గనిలో కొలువు చేసినవాడు. పరిహారం అడిగితే ఎవరూ వినలేదు. గని పేలుడు మందుతోనే కరెంటు టవర్లు కూల్చారు. 1989 మే నెలలో గని మూతబడింది. ఇప్పటికీ తెరుచుకోలేదు.

ఇక్కడ గనుల లెక్క ఒకటి అర్థం చేసుకోవాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఒక ఊరు నచ్చకపోతే ఇంకో ఊరికి పోతది. ఖనిజం ఎక్కడున్నదో అక్కడే తవ్వాలి. మొదటి టన్ను బయటికి రాకముందే రోడ్డు, రేవు, కరెంటు, యంత్రాలకు వేల కోట్లు పోయాలి. ఆ పైసలు తిరిగి రావడానికి ఏళ్లు పడతది. అందుకే అప్పు ఇచ్చే బ్యాంకు మొదట ఖనిజం ఎంతున్నదని అడిగినా, ఆఖరుకు అడిగేది ఇంకొకటి: ఆ నేల మీది మనుషులు ఒప్పుకున్నారా? ఒప్పుకోకపోతే వడ్డీ పెరుగుతది, బీమా పెరుగుతది, చివరికి గని కాగితం మీదే ఉండిపోతది. పంగునాలో ఒక్క కరెంటు లైను తెగితే అంత పెద్ద గని ఆగింది. లైను పొడవునా ప్రతి టవరుకూ ఎంతమంది పోలీసులను పెడతారు?

ప్రభుత్వం మాత్రం బలాన్నే నమ్ముకుంది. సైన్యాన్ని దింపింది. దీవిని దిగ్బంధించింది. మందులు కూడా అందలేదు. ఆస్ట్రేలియా ఇచ్చిన హెలికాప్టర్లకు తుపాకులు బిగించి దీవి మీద వాడారు. 1997లో ప్రధాని జూలియస్ చాన్ శాండ్‌లైన్ అనే కిరాయి సైనికుల కంపెనీతో 3.6 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకున్నాడు. సొంత సైన్యాధిపతే అడ్డం తిరిగాడు, చాన్ పక్కకు తప్పుకోవలసి వచ్చింది. ఆ యుద్ధంలో, దిగ్బంధంలో చనిపోయినవాళ్లు 20 వేల వరకు ఉంటారని అంచనా. ఇంత చేసినా ఒక్క టన్ను రాగి కూడా బయటికి రాలేదు.

దారి చూపింది మాటలే. 2001లో శాంతి ఒప్పందం, 2005లో స్వయంపాలిత ప్రభుత్వం. తర్వాత చేసుకున్న గనుల చట్టంలో తవ్వకానికి కాదనే హక్కు భూయజమానులకే ఇచ్చారు. 2016లో రియో టింటో తన వాటా వదిలేసి వెళ్లిపోయింది. 2019లో ఓటు పెడితే దాదాపు 98 శాతం స్వాతంత్ర్యమే కావాలన్నారు. ఈ రోజు ప్రపంచానికి రాగి ఆకలి పెరిగింది. ఆస్ట్రేలియా, చైనా, అమెరికా ఆ సముద్రంలో ఒకరినొకరు కనిపెట్టుకుంటున్నాయి. కానీ పంగునా గని తాళం చెవి మాత్రం వాళ్ల చేతిలో లేదు, ఊరోళ్ల చేతిలో ఉన్నది.

మన పోరాటం వేరు. మనం దేశం అడగలేదు, రాష్ట్రం అడిగాం, పార్లమెంటు ద్వారా తెచ్చుకున్నాం. 2011 సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు నెల దాటి పని బంద్ పెట్టారు. దేశమంతా విన్నది. వాళ్లు టవర్లు కూల్చలేదు, చేతులు కట్టుకున్నారు, అంతే. పెట్టుబడిని భయపెట్టేది హక్కు అడగడం కాదు, అడిగినా వినకపోవడం. ఆ బెదిరింపుకు మన జవాబు అప్పుడూ ఇదే, ఇప్పుడూ ఇదే.

అయితే ఇగ మనకొక చేదు మాట. ఇప్పుడు సింగరేణిలో 51 శాతం వాటా మన రాష్ట్రానిది. ఓపెన్ కాస్టు కింద ఊరు పోయినవాళ్లు ఎవరిని అడగాలె? మనల్నే. 2015లో గనుల చట్టం మార్చి, గని ప్రభావం పడ్డ ఊర్ల కోసం జిల్లా ఖనిజ నిధి పెట్టారు. ఈసారి ఊరికి పోయినప్పుడు ఆ నిధి ఏ ఊరికి పోయిందో, గని అంచున ఉన్న ఊరికి నీళ్లొచ్చినయా, దవాఖాన వచ్చిందా అడగండి. వాళ్లది బొగ్గు, వాళ్లకే దుమ్ము అయితే పరాయి పాలనకూ మన పాలనకూ తేడా ఏంది?

గనికి అసలు కాపలా దాని పక్కన బతికే మనిషే. ఆ మనిషికి వాటా ఉంటే తుపాకీ అక్కర లేదు. వాటా లేకుంటే ఏ తుపాకీ సరిపోదు.

జై తెలంగాణ.