బడి నుండి శాసనసభకు: శ్రీమతి ఈశ్వరీబాయి
(సికింద్రాబాదులోని ఒక పఠనమందిరమున గావించిన ఉపన్యాసము)



పంతులమ్మకు రాజకీయములేల యని పెద్దలు కొందరు ప్రశ్నించుచుందురు. పిల్లలచే ఓనమాలు దిద్దించి ఇల్లు చేరవలసినదే గాని, వీధి కాలువలతోను నీటి కుళాయిలతోను ఆమెకేమి పని యని వారి భావము. ఇందుకు ప్రత్యుత్తరము వెదకుటకై దూరదేశములకు పోనక్కరలేదు. అది మన చిలకలగూడలోనే లభించుచున్నది. శ్రీమతి జె. ఈశ్వరీబాయి గారి జీవితమే ఆ ప్రత్యుత్తరము.

1918 డిసెంబరు 1వ తేదీన చిలకలగూడలో ఒక దళిత కుటుంబమున ఆమె జన్మించిరి. నిజాము రాజ్యమున అంటరానివారని త్రోసివేయబడిన వారి బిడ్డలకు నాడు బడి గడప తొక్కుటయే దుర్లభము. భాగ్యరెడ్డివర్మ గారు ఆది హిందూ పాఠశాలలను ప్రత్యేకముగా నెలకొల్పవలసి వచ్చినదన్న, ఆ కొరత యెంతటిదో గ్రహింపవచ్చును. అట్టి దినములలో ఈశ్వరీబాయి గారు చదువుకొనిరి. వివాహానంతరము కొంతకాలము పూనాలో నుండి, కుమార్తెతో పుట్టినయూరు చేరి, పరోపకారిణి పాఠశాలలో ఉపాధ్యాయిని యైరి. పిమ్మట గీతా విద్యాలయమను పాఠశాలను తామే స్థాపించిరి.

బడిలో హాజరుపట్టీ పిలుచువారికి ఒక సత్యము తెలియును. పేదపిల్ల బడికి రాకుండుటకు కారణము సోమరితనము కాదు. కుళాయి వద్ద బిందెతో నిలిచియుండుట యొకనాడు, మురుగునీటి వలన జ్వరపడుట యొకనాడు. ఆ పిల్లకు చదువు చెప్పదలచినవారు మొదట కుళాయి సంగతి చూడవలెను. ఉపాధ్యాయినిని నగరసభకు నడపించు త్రోవ యిదియే.

1950 దశకపు ఆరంభమున ఈశ్వరీబాయి గారు చిలకలగూడ నుండి పురపాలక సభకు ఎన్నికైరి. హైదరాబాదు, సికింద్రాబాదు పురపాలనములు అప్పటికి వేరువేరుగా నుండెను; 1960లో గాని ఒక్కటి కాలేదు. మేము న్యాయవాద వృత్తిలోనివారము. రుసుము ముట్టిన పిమ్మటనే మా గొంతు లేచునన్న అపవాదు మాకు కలదు. పేదవాడల తరఫున ఆమె పుచ్చుకొనిన వకాలతుకు రుసుము లేదు.

శాసనసభా ప్రవేశమునకు ఆమె 1967 వరకు వేచియుండవలసి వచ్చెను. ఆ యేట నిజామాబాదు జిల్లా ఎల్లారెడ్డి నుండి రిపబ్లికన్ పార్టీ పక్షమున నిలిచి, మాజీ మంత్రి శ్రీమతి టి. ఎన్. సదాలక్ష్మి గారిని ఓడించిరి. 1968లో కృష్ణా జిల్లా కంచికచర్లలో దొంగతనపు నింద మోపి ఒక దళిత యువకుని సజీవదహనము చేసినప్పుడు, ఆ ఘోరమును గూర్చి శాసనసభలో ప్రభుత్వమును నిలదీసిన గొంతు ఆమెదే. 1969లో ప్రత్యేక తెలంగాణోద్యమము చెలరేగగా, ఎన్నికలలో ప్రత్యర్థులైన ఆ యిరువురు స్త్రీలును అందు పాల్గొనిరి. ఈశ్వరీబాయి గారు చెరసాల పాలైరి. 1972లో ఎల్లారెడ్డి ప్రజలు ఆమెనే మరల ఎన్నుకొనిరి. 1991 ఫిబ్రవరి 24వ తేదీన ఆమె దివంగతులైరి.

మంత్రిపదవి ఆమెను వరింపలేదు. పదవులను బట్టి మనుష్యులను తూచువారికి ఇది చిన్న జీవితముగ తోచవచ్చును. మాకట్లు తోచుట లేదు. శాసనసభలో మంత్రులను నిలదీసిన ధైర్యము ఒక్కనాట పుట్టినది కాదు. చిలకలగూడ వాడలలో, నగరసభ బల్లల నడుమ, ఏండ్ల తరబడి అలవడినది. అధికారి యెదుట తల వంపక, చిన్న సంగతిని సైతము వదలక అడుగుట యెట్లో నేర్పు పాఠశాల పురపాలక సభయే.

అట్టి పాఠశాలను మనమెట్లు చూచుచున్నాము? 2020 డిసెంబరున జరిగిన హైదరాబాదు మహానగరపాలక ఎన్నికలలో ఓటర్లు సగము మందియైనను ఓటు వేయలేదు. ఢిల్లీ రాజకీయములను గూర్చి తెల్లవారువరకు వాదించు చదువరులే పోలింగు నాడు ఇల్లు కదలరైరి. వార్డు ఎన్నికను మనము నీచముగా నెంచినచో, దానిని నీచులే కైవసము చేసికొందురు. ఆ పిమ్మట రోడ్లు బాగులేవని విలపించి ప్రయోజనమేమి?

కావున మిత్రులారా, మీ పేటలో బడి నడుపు పంతులో పంతులమ్మయో ప్రజల పక్షమున నగరసభకు నిలిచినప్పుడు, "మీకేల ఈ గొడవ" అనకుడు. వారి వెంట నాలుగు వీధులు తిరుగుడు. ఆమె స్మృతికి పూలదండ వేయుటకంటె ఇది మేలైన నివాళి.