మొదటి సెమిస్టరులో మన బిడ్డలకు తోడు
(ఎంబీఏలో చేరిన ముస్లిం విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





నిరుడు ఇదే షాదీఖానాలో మనం ఇటువంటి సభ జరుపుకొన్నాం. సీటు సంపాదించిన పిల్లలకు పూలదండలు వేశాం, ఫొటోలు తీయించుకొన్నాం, దుఆ చేసి ఇళ్లకు వెళ్లిపోయాం. ఆనాడు దండ వేయించుకొన్న ఒక అమ్మాయి మూడు నెలలు తిరగకముందే మా ఇంటికి వచ్చి, "చాచా, టీసీ కోసం దరఖాస్తు రాసిపెట్టండి" అని అడిగింది. ఆ మూడు నెలల్లో ఏం జరిగిందో చెప్పడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను. ఆమె అనుమతితోనే చెబుతున్నాను. పేరు మాత్రం చెప్పను.

ఆమె తండ్రి బస్టాండు దగ్గర తోపుడుబండి మీద పండ్లు అమ్ముతారు. ఆమె డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలో చదివింది. ఐసెట్ దరఖాస్తు నింపింది నేనే. ఆదాయ, కుల ధ్రువపత్రాల కోసం కార్యాలయాల చుట్టూ తిరిగింది నేనే. కన్వీనర్ కోటాలో సీటు వచ్చిన రోజున నా బాధ్యత తీరిందనుకొన్నాను. ముప్ఫై ఏళ్లకు పైగా గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. ఉత్తర్వు వెలువడగానే ఫైలు మూసి కట్టకట్టడం నాకు అలవాటు. బిడ్డ చదువు విషయంలోనూ అదే చేశాను. అది నా పొరపాటు.

ఈ సీటు విలువ ఏమిటో మొదట గుర్తు చేసుకొందాం. 2006లో సచార్ కమిటీ ఇచ్చిన నివేదిక ప్రకారం, దేశంలో ఇరవై ఏళ్లు పైబడిన ముస్లింలలో పట్టభద్రులు, డిప్లొమాదారులు కలిసి 4 శాతంలోపే. అప్పట్లో ఐఐఎంలలో చదువుతున్న వారిలో మన పిల్లలు 1.3 శాతం మాత్రమే. ఆ మరుసటి ఏడాది, అంటే 2007లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-ఇ వర్గానికి 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. హైకోర్టు దానిని కొట్టివేసినా, 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వలన అది అమలులో నిలిచింది. ఎందరో పోరాడి సాధించిన ఆ తలుపులోంచి లోపలికి వెళ్లిన బిడ్డ మూడు నెలలకే వెనుదిరిగితే, ఆ నష్టం ఆమె ఒక్కతెది కాదు.

తరగతి మొదటి రోజునే పరిచయ కార్యక్రమం. ఒక్కొక్కరూ లేచి ఇంగ్లీషులో తమ గురించి, తల్లిదండ్రుల వృత్తి గురించి చెప్పాలి. ఈ అమ్మాయి రాత్రంతా నాలుగు వాక్యాలు బట్టీపట్టింది. తన వంతు వచ్చేసరికి "మా నాన్నగారు వ్యాపారి" అని చెప్పి కూర్చుంది. ఏ వ్యాపారమని పక్కనున్న విద్యార్థిని అడిగితే జవాబు చెప్పలేకపోయింది. ఆ రాత్రి తండ్రి ముఖం చూడటానికి తనకే సిగ్గు వేసిందని నాతో చెప్పి కన్నీరు పెట్టుకొంది.

ఆ తరువాత పాఠాలు. ప్రవేశపరీక్షలో లెక్కల ప్రశ్నలను తెలుగులో కూడా చదువుకొనే వీలుంది. తరగతిలో ఆ వీలు లేదు. నిర్వహణ శాస్త్రం, ఆర్థికశాస్త్రం, గణాంకశాస్త్రం, అకౌంటింగు అన్నీ ఇంగ్లీషులోనే. బీకాం చదివినవారు డెబిట్, క్రెడిట్ అనగానే అందుకొంటున్నారు. బీఏ చదివిన ఈ అమ్మాయికి ఆస్తి ఏ వైపు రాయాలో, అప్పు ఏ వైపు రాయాలో కూడా తెలియదు. అధ్యాపకుడు రెండు వారాలలో ఆ పునాదిని దాటిపోయారు. అడిగితే నవ్వుతారని ఆమె అడగలేదు.

ఒకనాడు కేస్ స్టడీ ఇచ్చారు. పెద్ద దుకాణంలో పండ్లు, కూరగాయలు అమ్ముడుపోక పాడవుతున్నాయి, ధర ఎప్పుడు తగ్గించాలి అన్నది ప్రశ్న. తరగతిలో అందరికంటే ఆమెకే ఆ విషయం బాగా తెలుసు. మధ్యాహ్నం ధర ఎంత, దీపాలు పెట్టే వేళ ధర ఎంత, మగ్గిన అరటిపండ్లను ఎవరికి అమ్మాలి, ఇవన్నీ చిన్ననాటి నుంచి చూసినవే. అయినా నోరు తెరవలేదు. తెలిసినదాన్ని ఏ భాషలో చెప్పాలో తెలియక మౌనంగా ఉండిపోయింది.

ఇక ఫీజు. రీయింబర్స్‌మెంటు సొమ్ము ఇంకా రాలేదనీ, ముందుగా మీరు చెల్లించి తరువాత తీసుకోండనీ, లేనిపక్షంలో హాల్ టికెట్ ఇవ్వబోమనీ కళాశాలవారు చెప్పారు. అంత డబ్బు ఆ ఇంట్లో లేదు. చదువు మానేస్తానని ఆమె అంటే, రెండేళ్ల ఫీజు కడితేనే అసలు సర్టిఫికెట్లు తిరిగి ఇస్తామన్నారు. అప్పుడే ఆమె దరఖాస్తు కోసం నా దగ్గరకు వచ్చింది.

నేను దరఖాస్తు రాశాను. టీసీ కోసం కాదు. అసలు ధ్రువపత్రాలను విద్యాసంస్థలు తమ వద్ద అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018లోనే స్పష్టం చేసింది. దానిని ఉటంకిస్తూ, ప్రభుత్వం చెల్లించవలసిన సొమ్ముకు విద్యార్థినిని బాధ్యురాలిని చేయవద్దని కోరుతూ ప్రిన్సిపాల్ గారికి లేఖ రాశాను. మసీదు కమిటీ పెద్దలు ఇద్దరు, నేను కలిసి వెళ్లి ఆ లేఖ ఇచ్చాం. రసీదు అడిగి తీసుకొన్నాం. గొడవ పడలేదు, మాట తూలలేదు. వారం తిరగకముందే హాల్ టికెట్ వచ్చింది. ఆ అమ్మాయి ఒంటరిగా నాలుగుసార్లు తిరిగినా కదలని పని అది.

మన జమాఅత్‌లోనే ఒక అకౌంటెంటు ఉన్నారు. ఆయన ఇషా తరువాత తమ ఇంట్లోనే, భార్యాపిల్లల సమక్షంలో, ఇరవై రోజులు ఆమెకు అకౌంటింగు చెప్పారు. పుస్తకంలోని ఉదాహరణలు పక్కనపెట్టి, ఆమె తండ్రి బండినే లెక్కగా తీసుకొన్నారు. బండి ఆస్తి, మండీలో బాకీ అప్పు, రోజు అమ్మకం రాబడి. అప్పటి నుంచి ఆమెకు పాఠం అందింది.

సోదరులారా, ఆ లెక్కల్లో నుంచే ఒక సంగతి బయటపడింది. తండ్రి రోజువారీ ఫైనాన్సు వద్ద 10,000 రూపాయల అప్పు తీసుకొనేవారు. ముందే 1,000 పట్టుకొని చేతికి 9,000 ఇస్తారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. నూటికి పది రూపాయలే కదా అని ఆయన ఇన్నేళ్లుగా అనుకొన్నారు. కూతురు కాగితం మీద లెక్క వేసి చూపింది. "అబ్బా, ఆ 9,000 నూరు రోజులూ మీ చేతిలో ఉండదు. మొదటి రోజు నుంచే తిరిగి ఇచ్చేస్తున్నారు. ఏడాదికి లెక్కగడితే ఇది నూటికి 77 రూపాయల వడ్డీ" అని చెప్పింది. ఆ మనిషి చాలాసేపు మాట్లాడలేదట.

ఎంబీఏలో వడ్డీ లెక్కలు నేర్పుతారు గదా, అది మన పిల్లలకు తగునా అని కొందరు పెద్దలు నన్ను అడిగారు. వడ్డీ హరామ్ అన్నదానిలో మనకు సందేహం లేదు. అయితే ఆ పేదవాడి మెడకు ఎంత బరువైన వడ్డీ చుట్టుకొని ఉందో కనిపెట్టింది ఈ చదువే. దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన వాక్యం అల్ బఖరా సూరాలోని 282వది. అప్పు లావాదేవీని గడువుతో సహా రాసిపెట్టుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని అది ఆదేశిస్తోంది. లెక్క రాయడాన్ని అల్లాహ్ ఇంత వివరంగా బోధించినప్పుడు లెక్కల చదువును మనం దూరం పెట్టడం న్యాయమా? హజ్రత్ ఖదీజా (రజి) స్వయంగా వ్యాపారం నడిపిన మహిళ. ఆమె సరుకుతోనే దైవప్రవక్త (సఅసం) సిరియా వెళ్లి వర్తకం చేశారు. ఆడపిల్లకు వ్యాపార విద్య ఎందుకనేవారు ఈ చరిత్రను ఒకసారి తలచుకోవాలి.

ఆ అమ్మాయి మొదటి సెమిస్టరులో ఒక సబ్జెక్టు తప్పింది. దాచవలసిన పని లేదు. తరువాత మళ్లీ రాసి ఉత్తీర్ణురాలైంది. అదే సంవత్సరం తరగతిలో ప్రెజెంటేషన్ ఇవ్వవలసి వచ్చినప్పుడు, తోపుడుబండి వ్యాపారానికి పెట్టుబడి ఎలా వస్తుంది, ఎలా కరిగిపోతుంది అన్న అంశాన్ని ఎంచుకొంది. "ఇది మా నాన్నగారి బండి" అని మొదటి వాక్యంలోనే చెప్పిందట.

ఇప్పుడు మన కర్తవ్యం. మూడు పనులు ప్రతిపాదిస్తున్నాను.

మొదటిది, ఈ సంవత్సరం చేరిన ప్రతి విద్యార్థికి మన జమాఅత్ నుంచి ఒక పెద్ద తోడుగా ఉండాలి. మొదటి సెమిస్టరు ముగిసే వరకు రెండు వారాలకొకసారి ఇంటికి వెళ్లి తల్లిదండ్రుల ఎదుట మాట్లాడాలి. మార్కులు ఎన్ని అని కాదు, తరగతిలో ఏది అర్థం కావడం లేదు అని అడగాలి. జుమా నమాజు వేళకు తరగతి పడి హాజరు చిక్కు వచ్చే అబ్బాయిలు ఉంటారు. వారి తరఫున ముందే కళాశాలతో మర్యాదగా మాట్లాడాలి.

రెండవది, తరగతులు మొదలయ్యే ముందు నెల రోజులు అకౌంటింగు, ఇంగ్లీషు పునాది పాఠాలు ఇక్కడే జరగాలి. మనలో ఆడిటరు కార్యాలయాల్లో, బ్యాంకుల్లో, పాఠశాలల్లో పనిచేసేవారున్నారు. వారి సాయంత్రాలే ఇందుకు పెట్టుబడి.

మూడవది, ఫీజు సొమ్ము ఆలస్యమైనప్పుడు ఆదుకొనేందుకు బైతుల్‌మాల్‌లో ఒక వడ్డీలేని నిధి వేరుగా ఉండాలి. రీయింబర్స్‌మెంటు రాగానే ఆ సొమ్ము తిరిగి నిధికి చేరుతుంది, మరో బిడ్డకు పనికివస్తుంది. హక్కుగా రావలసిన సొమ్ము కోసం అర్జీలు పెట్టడం మాత్రం ఆపకూడదు. ఆ అర్జీలు రాసే పని నాకు వదిలేయండి.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ ఇంటికి వచ్చి మౌనంగా ఉంటే అలసట అని సరిపెట్టుకోకండి. పిల్లలారా, అర్థం కానప్పుడు అడగండి. అబ్బాజాన్ వృత్తి చెప్పడానికి తలవంచకండి. హలాల్ సంపాదనలో సిగ్గుపడవలసినది ఏదీ లేదు.

ఈ రోజు దండలు తేలేదని కొందరు నన్ను అడిగారు. ఆ డబ్బుతో కాగితాలు కొన్నాం. బయట బల్ల మీద పెట్టాం. ఏ విద్యార్థికి ఎవరు తోడుగా ఉంటారో పేరు, ఫోను నంబరు రాసి వెళ్లవలసిందిగా పెద్దలను కోరుతున్నాను. మొదటి కాగితం మీద నా పేరు రాశాను.

అల్లాహ్ మన బిడ్డల విద్యలో శుభం ప్రసాదించుగాక. ఆమీన్.