ఏ పూట విశ్వాసం ఆ పూటకే



క్రిస్మసు దగ్గర పడిందంటే కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు క్రైస్తవ కుటుంబాల్లో మెదక్ గుడి మాట రాక మానదు. పిల్లలకు కొత్తబట్టలు, పిండివంటలు, పాటలు - ఆ వారం రోజులూ మనసు పాలలా పొంగుతుంది. మరి జనవరి మాటేమిటి? బడి ఫీజులు, పాలవాడి బాకీ, అత్తగారి మోకాళ్ళ నొప్పులు, ఇంటాయన ఉద్యోగపు చికాకులు. "ప్రార్థనకు కూర్చోవాలనే ఉంటుందండీ, తీరికేదీ?" అంటాం. పొయ్యి ఆర్పగానే పాలపొంగు దిగినట్టు భక్తీ దిగిపోతుంది.

అరణ్యంలో ఇశ్రాయేలీయులు మన్నా ఏరుకున్న సంగతి మీకు తెలిసిందే. ఏనాటిది ఆనాడే. విశ్రాంతిదినం కోసం తప్ప, మర్నాటికని దాచుకుంటే పురుగుపట్టేది. రోజూ వండి వడ్డించే మనకు ఇది వేరే చెప్పాలా? నిన్న తిన్న అన్నం ఇవాళ్టి ఆకలి తీర్చదు. విశ్వాసమూ అంతే.

మెదక్ గుడినే చూడండి. పండుగనాడు మనం దాని ఎత్తు చూసి మురిసిపోతాం. కాని అది 1914లో మొదలై 1924 డిసెంబరు 25న గాని ప్రతిష్ఠ కాలేదు. కరువుతో అల్లాడే జనానికి పని, తిండి దొరకాలని చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు ఈ నిర్మాణం సాగించారు. అక్కడ రాళ్ళు మోసినవారు ఏ పూట రాయి ఆ పూట మోశారు. గుడి అలాగే లేచింది.

మెదక్ సంగతి అలా ఉంచి, కామారెడ్డి నుంచి నిజామాబాదుకు రైలెక్కితే దారిలో డిచ్‌పల్లి వస్తుంది. 1907లో భర్తతో కలిసి మనదేశం వచ్చిన డాక్టరమ్మ ఇసబెల్ కెర్, కుష్ఠురోగుల అవస్థ చూడలేక 1915లో అక్కడ ఆస్పత్రి పెట్టింది. హిందువైన రాజా నర్సాగౌడ్‌గారు ధనసహాయం చేశారు. ఆ రోజుల్లో కుష్ఠుకు ఇప్పటిలా మాత్రలు లేవు. చాల్‌మూగ్రా నూనెను సూదితో ఎక్కించేవారు. చాలా నొప్పి. ఒకటి రెండు సూదులతో తీరేది కాదు. నెలల తరబడి ఓపిక పట్టాలి. పొడిచే చేతికీ, పొడిపించుకునే ఒంటికీ అంత ఓర్పు కావలసివచ్చింది.

మన ఓర్పు ఎంతపాటిది? బిడ్డ జ్వరం తగ్గకపోయినా, పెళ్ళి సంబంధం తప్పిపోయినా "దేవుడు నా మొర వినలేదు" అని బైబిలు బీరువాలో పెట్టేస్తాం. కొందరు ఇంకో వైపు పోతారు - ప్రార్థన చేస్తున్నాం కదా అని మందులు మానేస్తారు. అమ్మా, దయచేసి ఆ పని చేయకండి. దేవుణ్ణి నమ్మిన కెర్ డాక్టరమ్మ చేతిలో సూది ఉందని మరిచిపోకండి.

తీరిక దానంతట అది రాదు, మనమే చేసుకోవాలి. ఎసరు మరిగేలోగా ఒక వచనం చదువుకోవచ్చు. టిఫిను డబ్బా కట్టేటప్పుడు ఆ బిడ్డ పేరెత్తి దేవునికి అప్పగించవచ్చు. రాత్రి భోజనాలయ్యాక టీవీ కట్టేసి పది నిమిషాలు ఇంటిల్లిపాదీ కలిసి కూర్చోవచ్చు. కూరగాయలామె పొరపాటున ఎక్కువ చిల్లర ఇస్తే తిరిగివ్వడం, సంఘంలో విన్న చాడీని మన గడప దగ్గరే ఆపేయడం, పక్కింటావిడ మంచం పడితే ఏ మతమని అడగకుండా గంజి కాచి ఇవ్వడం - ఇవీ ఆరాధనే.

ఒకరోజు తప్పిపోయిందా? నిన్న వంట చేయలేదని ఇవాళ పొయ్యి వెలిగించకుండా ఉంటామా? మళ్ళీ మొదలుపెట్టండి. రేపటి బలం రేపు దొరుకుతుంది. ఇవాళ్టిది ఇవాళే ఏరుకుందాం.