గంజీఫా పేక, బొమ్మముక్కల పొట్లము

నంద్యాల జిల్లాలో సంజామల మండలమున నొస్సము అను గ్రామము కలదు. పాలెగాండ్ర చరిత్ర చదివినవారికి ఆ పేరు క్రొత్త కాదు. కాని ఆ యూరికి మరియొక ప్రసిద్ధి కూడ ఉండెను. గంజీఫా ముక్కలు చేయు చిత్రకారులు అక్కడ నివసించిరి. గుడ్డను చింతగింజల జిగురుతో గట్టిపరచి, సుద్ద పూసి, గుండ్రముగా కత్తిరించి, బొమ్మ దిద్ది, పైన లక్కపూత నిచ్చుట గంజీఫా ముక్క తయారగు తీరు.

దశావతార గంజీఫాలో 120 ముక్కలు. అవతారమునకు ఒక జట్టు చొప్పున పది జట్లు. జట్టునకు రాజు, మంత్రి, ఒకటి మొదలు పది వరకు అంకెలు. ముగ్గురు కూర్చుండి తలకు నలుబది పంచుకొందురు. అయిదు జట్లలో పది పెద్దది, తక్కిన అయిదింట ఒకటి పెద్దది. ఈ చిక్కును జ్ఞాపకముంచుకొనుటయే ఆటలో సగము నేర్పు. మనము ముఖ్యముగా గమనింపవలసినది వేరొకటి. పేక కొన్నవానికి 120 ముక్కలును చేతికి వచ్చును. సంపన్నుని పేకలో బొమ్మలకు బంగారు మెరుగు ఉండవచ్చును. అంతమాత్రమున వానికి మత్స్యావతారపు రాజులు ఇద్దరుండరు.

నేటి పిల్లలు ఆడు బొమ్మముక్కల ఆటలలో ఈ న్యాయము తలక్రిందులైనది. రిచర్డ్ గార్‌ఫీల్డ్ అను గణితశాస్త్రజ్ఞుడు కల్పించిన ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ అను ఆట 1993లో అమెరికాలో వెలువడెను. ఆటగాడు తన పేకను తానే కూర్చుకొనవలెను. ముక్కలు మూసిన పొట్లములలో వచ్చును. లోపల ఏమున్నదో కొనువాడు ఎరుగడు. ఆ తొలినాటి పొట్లములో 15 ముక్కలకు 11 సామాన్యములు, 3 కొంత అరుదైనవి, ఒక్కటి మాత్రము మిక్కిలి అరుదైనది. 1996లో జపానులో వెలువడిన ‘పోకెమాన్’ ముక్కలును ఈ దారినే త్రొక్కినవి. మన దేశమున 2010ల దశాబ్దిలో టాప్స్ సంస్థ ఐ.పి.ఎల్. క్రికెట్ ఆటగాండ్ర బొమ్మలతో ‘క్రికెట్ అటాక్స్’ ముక్కల నమ్మినది.

పోకెమాన్ ముక్క అడుగున ఒక మూల చిన్న గుర్తు ఉండును. గుండ్రని చుక్క యున్నచో సామాన్యము, డైమను గుర్తున్నచో కొంత అరుదు, నక్షత్రమున్నచో అరుదు. పిల్లవాడు పొట్లము చింపగానే ముందు ఆ మూలకే చూచును. తల్లిదండ్రులు కూడ ఈ గుర్తులు తెలిసికొనుట మేలు. ఎందుకనగా లెక్క అచ్చటనే మొదలగును.

1999లో ఇంగ్లీషున వచ్చిన మొదటి పోకెమాన్ సంపుటమునే తీసికొందము. పొట్లమునకు 11 ముక్కలు. తళుకు గల నక్షత్రపు ముక్క సుమారు మూడు పొట్లములకు ఒకటి వచ్చెడిది. పొట్లములలో వచ్చు అట్టి తళుకు ముక్కలు 15 రకములు. అన్నింటికిని సమాన అవకాశమే అనుకొన్నను, మీ అబ్బాయి కోరు ఒకానొక ముక్కకు సగటున 45 పొట్లములు పట్టును. పొట్లము నూరు రూపాయలని ఊహించినచో 4,500 రూపాయలు. అంత వెచ్చించిన తరువాతనైనను నూర్గురు పిల్లలలో 36 మందికి ఆ ముక్క దొరకకయే యుండును! పదునైదు రకములును కావలెనన్నచో సగటున 150 పొట్లములు. “నాయనా, ఇంకొక్క పొట్లము” అను మాటకు అంతమెక్కడ నున్నదో శ్రోతలే ఊహింపగలరు. ముందు కొన్న 44 పొట్లములు వట్టివైనవి గనుక నలుబదియైదవ దానిలో తప్పక వచ్చునని పిల్లవాడు నమ్మును. పొట్లమునకు జ్ఞాపకశక్తి లేదు.

అరుదైనది బలమైనది అను భ్రమ మరియొకటి. ఆ సంపుటములో పిల్లలు ప్రాణము పెట్టిన ముక్క ‘చారిజార్డ్’. అది నేరుగా బల్లపైకి రాదు. ముందు ‘చార్మాండర్’ ఉండవలెను. అది చుక్క గుర్తు గల సామాన్యపు ముక్క. దానిపై ‘చార్మీలియన్’, అది డైమను. ఆ పిమ్మట చారిజార్డ్. అది దెబ్బ తీయుటకు నాలుగు శక్తిముక్కలు కావలెను. పెట్టెలో చారిజార్డ్ ఒక్కటే దాచుకొన్నవాడు రథము లేక కలశము మాత్రము కొన్నవాడే. ‘మచాంప్’ అను ముక్క మరింత వింత. దానికి తళుకును, నక్షత్రమును రెండును కలవు. అయినను ఇద్దరాడు ప్రారంభపు పెట్టె కొన్న ప్రతివానికి అది వచ్చినది. పొట్లములలో అది లేనే లేదు.

కావుననే క్రొత్తవానికి ముందుగా కొనియీయవలసినది సిద్ధపు పేక అని నా అభిప్రాయము. పోకెమాన్ సిద్ధపు పేకలో 60 ముక్కలు, వానిలో శక్తిముక్కలు తగుపాళ్లలో, లోపల ఏమున్నదో ముందే తెలియును. గంజీఫా పేకకు దగ్గరి చుట్టము ఇదియే. రెండు కొని ఇంటిలో ఇద్దరు పిల్లలను ఎదురెదురుగా కూర్చుండబెట్టినచో ఒక వేసవి గడచును. ఆట పట్టుబడిన పిమ్మట ఏ ముక్క తక్కువైనదో వారికే తెలియును. అప్పుడు ఆ యొక్కదానికై మార్పిడి చేసికొనవచ్చును.

నంద్యాల, ఆళ్లగడ్డ వంటి ఊళ్ల ఫ్యాన్సీ దుకాణములలో వ్రేలాడు బంగారు రంగు ముక్కల సంగతి చెప్పక తీరదు. అవి చాలవరకు నకిలీలు. ముక్కలన్నియు ఒకే తీరున మెరయును గనుక వానిలో అరుదు అను మాటకే తావు లేదు. ఇంటిలో ఆడుకొనుటకు దోషము లేదు గాని, వానిని అమ్మి లాభము పొందుదమనుకొనుట వట్టిమాట.

మార్పిడిలో ఒక్క జాగ్రత్త. పదునాలుగేండ్ల అన్న, ఎనిమిదేండ్ల తమ్ముడు ముక్కలు మార్చుకొనుచున్నప్పుడు అన్నకు గుర్తుల విలువ తెలియును, తమ్మునికి బొమ్మ అందము తెలియును. సామాన్యపు ముక్కలు పది యిచ్చి నక్షత్రపు ముక్క నొకదానిని లాగికొనుట బడి వసారాలలో నిత్యము జరుగు వ్యవహారము. మార్పిడి జరిగిన నాటి రాత్రి వరకు ఎవరైనను తమ ముక్కను తిరిగి అడుగవచ్చునని ఇంటిలో ఒక కట్టడి పెట్టినచో సగము తగవులు తీరును.