శంషాబాదుకు ఉదజని ఏ దారిన రావాలి?

శంషాబాదు విమానాశ్రయంలో దిగిన ప్రయాణికుడు తన సామాను కోసం ఎదురుచూస్తూ ఉండగానే, అతడు దిగివచ్చిన విమానం మరొక ప్రయాణానికి సిద్ధమవుతూ ఉంటుంది. పెద్ద విమానాశ్రయాలలో ఇంధనం నేల అడుగున పరచిన గొట్టాల గుండా నడచివచ్చి, విమానం నిలిచినచోటనే దాని రెక్కలలోనికి ఎక్కుతుంది. చమురుకు ఈ సౌకర్యం ఎప్పుడో అమరినది. ఇప్పుడు హరిత ఉదజనికి కూడా దేశమంతటా గొట్టపుమార్గాలు వేయాలన్న ఆలోచన సాగుతున్నది. సముద్రానికి దూరంగా, పీఠభూమి మీద ఉన్న శంషాబాదు వంటి చోటుకు ఆ ఆలోచనలో స్థానం ఎక్కడ?

హైడ్రోజన్‌కు మన శాస్త్ర పరిభాషలో ఉదజని అని పేరు. నీటిని పుట్టించేది అని అర్థం. నీటిలోనికి విద్యుత్తును పంపితే అది ఉదజనిగాను, ఆమ్లజనిగాను విడిపోతుంది. ఆ విద్యుత్తు ఎండ నుండో గాలి నుండో వచ్చినదైతే ఆ ఉదజనిని హరితమంటున్నాము. 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం 19,744 కోట్ల రూపాయలతో జాతీయ హరిత ఉదజని పథకాన్ని ఆమోదించినది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నులు తయారుచేయగల శక్తిని సమకూర్చుకోవాలని లక్ష్యం. తెలుగుదేశంలో దీని అలికిడి ముందుగా కోస్తాలో వినిపించినది. అనకాపల్లి జిల్లా పూడిమడకలో రోజుకు 1,500 టన్నుల ఉదజనిని ఉద్దేశించిన కేంద్రానికి 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. కాకినాడలో హరిత అమ్మోనియా కర్మాగారాన్ని తలపెట్టారు. ఈ రెండు చోట్లా చూపు ఎక్కువగా ఓడరేవు వైపే, అనగా విదేశాల వైపే ఉన్నది.

అయితే లోపలి ప్రాంతాలకు దానిని మోసుకొని వచ్చేది ఎట్లు? ఇక్కడనే చిక్కు. ఉదజని వాయువులన్నింటిలో తేలికైనది. ఉక్కు గొట్టాలలో అణచి నింపిన పెద్ద లారీ కూడా మామూలుగా మూడు నాలుగు వందల కిలోలకంటె మోయదు. పది టన్నులు కావాలంటే పాతిక ముప్పై లారీలు రావాలి. ద్రవంగా మార్చాలంటే సున్నకు దిగువన 253 డిగ్రీలదాకా చల్లబరచాలి. అందుకే బోలెడు విద్యుత్తు ఖర్చవుతుంది. రోజూ వందల టన్నులు ఒకేచోటికి చేరవలసి ఉన్నప్పుడు గొట్టమే చవుక. జర్మనీలోని రూర్ పారిశ్రామిక ప్రాంతంలో 1938 నుండి ఉదజని గొట్టాలలో ప్రవహిస్తూనే ఉన్నది. అదే జర్మనీ 2024 అక్టోబరులో 9,040 కిలోమీటర్ల ఉదజని మార్గాలకు అనుమతి ఇచ్చినది. అందులో సుమారు అరవై పాళ్ళు పాత సహజవాయువు గొట్టాలే.

ఈ మాట వినగానే మనకూ ఆశ కలుగుతుంది. కాకినాడ తీరం నుండి తెలంగాణ మీదుగా గుజరాతు దాకా సుమారు 1,400 కిలోమీటర్ల సహజవాయు మార్గం 2009 నుండి పనిచేస్తున్నది కదా, దానినే వాడుకోరాదా అని. కాని ఉదజని అణువు చాలా చిన్నది. కొన్ని రకాల ఉక్కులోనికి అది చొచ్చుకొనిపోయి లోహాన్ని పెళుసుబారుస్తుంది. ప్రతి అతుకును, ప్రతి కవాటాన్ని పరీక్షించకుండా పాత గొట్టంలోనికి దీనిని వదలరాదు. పైగా ఒకే పీడనం వద్ద ఒకే పరిమాణంలో ఉదజని మోసే శక్తి సహజవాయువు మోసేదానిలో మూడవ వంతుకంటె తక్కువ. సూరత్ దగ్గర కవాస్‌లో 2023లో వంటవాయువులో కొద్దిపాళ్ళు కలిపి ఇళ్ళకు పంపడం మొదలుపెట్టారు. అది మంచి ప్రయోగమే. కాని పాలలో నీళ్ళు కలిపినంత మాత్రాన నీటి కాలువ తవ్వినట్లు కాదు.

ఇక శంషాబాదు సంగతి. 2008 మార్చిలో బేగంపేట నుండి విమానాలు ఇక్కడికి తరలివచ్చినాయి. సుమారు 5,500 ఎకరాల ప్రాంగణం. ఉదజనితో ఎగిరే విమానం ఊహ కాదు. 1988లోనే సోవియట్ ఇంజనీర్లు టుపొలెవ్ 155ను ద్రవ ఉదజనితో ఎగురవేసి చూపించారు. కాని 2035 నాటికి అటువంటి ప్రయాణికుల విమానాన్ని తెస్తామన్న ఎయిర్‌బస్ సంస్థ 2025లో ఆ గడువును వెనుకకు జరిపినది. అంతవరకు ఇక్కడ ఉదజనితో నడవగలవి ప్రయాణికుల బస్సులు, సామాను లాగే బండ్లు, ఊరిలోనికి వచ్చిపోయే వాహనాలు. ఇవన్నీ కలిపి రోజుకు పది టన్నులు కావాలనుకొందాము. నిజానికి అంత కూడా అక్కరలేదు. కిలోకు తొమ్మిది లీటర్ల చొప్పున దానికి 90 వేల లీటర్ల నీరు చాలును, శుద్ధికీ చల్లదనానికీ మరికొంత. పదిపదిహేను ట్యాంకర్ల మాట. దాపునే ఉన్న హిమాయత్‌సాగర్‌ను చూచి బెంగపెట్టుకోవలసినంత లెక్క కాదు. విద్యుత్తు మాత్రం కిలోకు యాభై అయిదు యూనిట్ల చొప్పున అయిదున్నర లక్షల యూనిట్లు కావాలి. ఆ విద్యుత్తు తీగ మీద రాగలదు. తీగ వచ్చేచోటికి వందల కిలోమీటర్ల గొట్టం తవ్వి తెచ్చుకోవడం నా దృష్టిలో దుబారా.

తెలంగాణకు ఉదజని గొట్టం అంటూ రావలసి ఉంటే, అది ముందు రామగుండం చేరాలి. అక్కడి ఎరువుల కర్మాగారం ఏటా పన్నెండు లక్షల టన్నులకు మించి యూరియా తయారుచేయగలది. దానికి సహజవాయువు ఇప్పుడు గొట్టంలోనే వస్తున్నది. అయితే యూరియాకు బొగ్గుపులుసువాయువు కూడా కావాలి గనుక సహజవాయువును పూర్తిగా మాన్పించడం సాధ్యం కాదు. కొంత భాగం మార్చవచ్చును. శంషాబాదుకు శాఖామార్గం ఆ తరువాతి మాట. పటం మీద పెద్ద నగరాలన్నింటినీ ఎర్రగీతతో కలిపితే చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. గొట్టం మాత్రం రోజూ నిండుగా పారినప్పుడే గిట్టుతుంది.

మరొక విషయం ఉన్నది. ఇది లెక్కలలో కనబడదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాసు గొట్టం పేలినది. ఇరవైమందికి పైగా మరణించారు. కొబ్బరితోటలు, ఇళ్ళు మాడిపోయినాయి. పొడి వాయువుకు ఉద్దేశించిన గొట్టంలో తడి వాయువు ప్రవహించి లోపలినుండి ఉక్కును తినివేసినదని తరువాత విచారణలో తేలినది. లీకు సంగతి ముందే చెప్పామని గ్రామస్థులు మొత్తుకొన్నారు. ఉదజనికి వాసన లేదు. పట్టపగలు దాని మంట కంటికి ఆనదు. చిన్న నిప్పురవ్వ చాలు. తేలికైనది గనుక ఆరుబయట త్వరగా పైకి లేచి చెదరిపోతుందన్నది దాని మంచిగుణం.

చమురు, వాయువుల గొట్టాలకు 1962 నాటి చట్టం వర్తిస్తున్నది. దానిప్రకారం పొలం రైతుదే. అడుగున గొట్టం వేసుకొనే హక్కు మాత్రం ప్రభుత్వం తీసుకొంటుంది. పంట నష్టం కాక, భూమి వెలలో పదోవంతు పరిహారం. ఆ తరువాత ఆ పట్టీలో రైతు ఇల్లు కట్టరాదు, బావి తవ్వరాదు, చెట్టు నాటరాదు. శంషాబాదు చుట్టుప్రక్కల ఎకరం వెల ఏ స్థాయికి ఎగబ్రాకినదో ఎరిగినవారు ఈ పదోవంతును ఏమనుకొంటారో చెప్పనక్కరలేదు. ఉదజని మార్గాలకు నియమాలు వ్రాసేటప్పుడు ఈ వంతును మళ్ళీ లెక్కవేయాలి. పరిహారం ఒక్కసారి చేతిలో పెట్టి వెళ్ళిపోక, గొట్టం పారినన్నాళ్ళు ఏటా కొంత కౌలుగా ఇవ్వడం నాకు న్యాయంగా తోస్తున్నది. వాసన తెలియని వాయువును పసికట్టే పరికరాలు కంపెనీ కార్యాలయంలోనే కాక గ్రామ పంచాయతీలోను ఉండాలి. పొలం గట్టున పాతే గుర్తురాయి మీద లోపల పారేది ఏ వాయువో, అనుమానం కలిగితే ఎవరికి కబురు చేయాలో, దూరం నుండి చదువుకొనేటంత పెద్ద తెలుగు అక్షరాలలో వ్రాసి ఉండాలి.