మన పరపతి సంఘం, మన గొంతు
(అల్ఫారెట్టా సాంస్కృతికోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠం)



నృత్యానికీ నాటికకూ నడుమ ఈ డబ్బు మాటలేమిటని మీరనుకోవచ్చు. నేను చెప్పబోయేది వడ్డీ లెక్కలు కాదు. సామాన్యులు కూడి నిలబెట్టుకొన్న సంస్థను ఆ సామాన్యులే ఎట్లా కాపాడుకొన్నారన్న సంగతి.

దీనికి మన దేశంతో ఒక చుట్టరికం ఉంది. భారతదేశంలో 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. 1907లో బోస్టన్ వర్తకుడు ఎడ్వర్డ్ ఫైలీన్ లోకసంచారం చేస్తూ బెంగాల్ వెళ్లి, పల్లె రైతులు సంఘంగా ఏర్పడి, ఒకరికొకరు పూచీపడి అప్పు తెచ్చుకోవడం చూశారు. తిరిగివచ్చాక ఈ ఉద్యమానికి తన ధనాన్ని ధారపోశారు. ఆయన కృషి, కెనడాలోని డెజార్డాన్ గారి కృషి ఫలించి 1909లో మసాచుసెట్స్‌లోనూ, 1934లో ఈ దేశమంతటికీ క్రెడిట్ యూనియన్ చట్టాలు వచ్చాయి.

క్రెడిట్ యూనియన్‌లో ఖాతా ఉన్నవారే యజమానులు. అయిదు డాలర్లున్నా, అయిదువేలున్నా ఓటు ఒక్కటే. 1940లో డెల్టా విమాన సంస్థ ఉద్యోగులు ఎనిమిదిమంది మొదలుపెట్టిన సంఘం నేడు జార్జియాలోకెల్లా పెద్దది. అల్ఫారెట్టావారు కూడా అందులో చేరవచ్చు.

అయితే చట్టం ఇచ్చినదాన్ని చట్టమే తీసివేయగలదు. 1982 నుంచి ఒకే క్రెడిట్ యూనియన్‌లో వేర్వేరు సంస్థల ఉద్యోగులు చేరేందుకు ప్రభుత్వ నియంత్రణ సంస్థ అనుమతిస్తూ వచ్చింది. బ్యాంకులు కోర్టుకెక్కాయి. 1998 ఫిబ్రవరి 25న సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో బ్యాంకుల పక్షాన తీర్పు చెప్పింది. అట్లా చేరిన లక్షలాదిమంది గతి ఏమిటన్న దిగులు పుట్టింది.

అప్పుడు సభ్యులు కదిలారు. ఉత్తరాలు రాశారు, ఫోన్లు చేశారు, వాషింగ్టన్ వెళ్లి తమ ప్రతినిధుల తలుపు తట్టారు. ప్రతినిధుల సభ 411-8 ఓట్లతో, సెనేట్ 92-6 ఓట్లతో కొత్త బిల్లును ఆమోదించాయి. ఆగస్టు 7న క్లింటన్ సంతకం చేశారు. ఆరు నెలలైనా పట్టలేదు! ఊరికే మాత్రం రాలేదు. వ్యాపార రుణాలపై పరిమితి విధించడానికి ఒప్పుకోవలసి వచ్చింది. బేరంలో కొంత వదులుకోక తప్పదు.

మన తెలుగునాట కూడా ఇటువంటి పట్టుదలే కనిపిస్తుంది. 1964 నాటి చట్టం కింద సహకార సంఘాల పాలకవర్గాలను రద్దుచేసే అధికారం సర్కారు చేతిలో ఉండేది. సభ్యుల సొమ్ము, అధికారుల పెత్తనం! హైదరాబాదులోని కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్‌వారు, సహకారవాదులు ఏళ్ల తరబడి నచ్చజెప్పగా 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. సర్కారు వాటాధనం లేని సంఘాలకు తమ వ్యవహారాలు తామే నడుపుకొనే స్వేచ్ఛ దక్కింది. ఇతర రాష్ట్రాలు కొన్ని అదే దారి పట్టాయి.

క్రెడిట్ యూనియన్లకున్న ఆదాయపు పన్ను మినహాయింపు తీసివేయాలన్న వాదం ఇక్కడ మళ్లీ మళ్లీ లేస్తూనే ఉంటుంది. 2025లో కూడా లేచింది. సభ్యులు మళ్లీ ఉత్తరాలు రాశారు. ఆ ఏటి పన్నుల చట్టంలో మినహాయింపు చెక్కుచెదరలేదు.

మరి మనం చేయవలసినదేమిటి? నా తప్పు నేనే చెప్పుకొంటాను. మొదట్లో నా క్రెడిట్ యూనియన్ పంపిన ఓటు కాగితాన్ని చెత్తబుట్టలో పడేసేవాణ్ణి. మీరట్లా చేయకండి. వార్షిక సమావేశానికి వెళ్లండి. అవసరం వచ్చినప్పుడు మన ప్రతినిధికి, ఇద్దరు సెనేటర్లకు ఒక్క పేజీ ఉత్తరం రాయండి. బిల్లు సంఖ్య వేయండి, మీ ఊరి పేరు వేయండి. అచ్చువేసిన ఉత్తరం కింద సంతకం పెట్టడం కన్న, మీ మొదటి కారుకు అప్పు ఎవరిచ్చారో సొంత మాటల్లో రాస్తే బలం ఎక్కువ.

"మాకింకా పౌరసత్వం రాలేదు, మా మాట ఎవరు వింటారు?" అని కొందరు యువకులు నన్నడుగుతుంటారు. బాబూ, ఎన్నికల్లో ఓటు లేకపోయినా విన్నవించుకొనే హక్కు ఉంది. వీసాపై ఉన్నవారు ఎన్నికల విరాళాలు మాత్రం ఇవ్వరాదు. ఉత్తరానికి అడ్డు లేదు. క్రెడిట్ యూనియన్‌లో మీ ఓటు ఉండనే ఉంది.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు పెద్దలు. అడుగుదాం, మర్యాదగా, కలిసికట్టుగా.